మీకు తెలుసా? అగ్గిపెట్టెలో కెమెరా, కాఫీలో డెవలపర్, పసుపులో ప్రింటు

రీలు కెమెరాతో ప్రయోగాలు చేయాలన్న ఉత్సాహం కొత్త తరంలో మళ్లీ కనిపిస్తోంది. సామాను ఖరీదనీ, విదేశాల నుంచి తెప్పించుకోవాలనీ చాలామంది మొదట్లోనే వెనక్కి తగ్గుతారు. అంత భయం అక్కర్లేదు. తమిళనాడులోని వేలూరు, గుడియాత్తం ప్రాంతం బతికేదే అగ్గిపెట్టెల మీద, తోళ్ల మీద, నేత మీద, ఆసుపత్రుల మీద. ఫిల్ము ఫొటోగ్రఫీకి కావలసిన సరుకు, దాని వెనకున్న రసాయనశాస్త్రం సగానికి పైగా ఈ వృత్తుల్లోనే ఉన్నాయి. చెయ్యి పెట్టి చూడడమే తరువాయి.

1. అగ్గిపెట్టె ఒక కెమెరా

శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి తర్వాత తమిళనాడులో అగ్గిపెట్టెల తయారీకి పేరున్న ఊరు గుడియాత్తం. అక్కడ వీధి వీధినా దొరికే ఆ పెట్టెతోనే ఫొటోలు తీయవచ్చు. 35 ఎంఎం ఫిల్ము అడ్డు కొలత 35 మిల్లీమీటర్లు. మామూలు అగ్గిపెట్టె వెడల్పు కూడా ఇంచుమించు అంతే. పెట్టె కొనేముందు పనికిరాని ఫిల్ము ముక్క దూర్చి చూసి, సాఫీగా జారేదాన్నే ఎంచుకోవాలి.

లోపలి అర అడుగున 24 మిల్లీమీటర్ల చదరపు కిటికీ కత్తిరించి, అర లోపలంతా నల్ల స్కెచ్ పెన్నుతో నలుపు చేయండి. పై తొడుగు మీద, సరిగ్గా అర మధ్యకు వచ్చేచోట, చిన్న కంత కోయండి. కూల్‌డ్రింక్ డబ్బా రేకులోంచి చిన్న ముక్క కత్తిరించి, సన్నటి సూది మొనతో మెల్లగా నొక్కి బెజ్జం చేయండి. వెనకవైపు లేచిన అంచును గరుకు కాగితంతో రుద్దితే బెజ్జం గుండ్రంగా, శుభ్రంగా వస్తుంది. దాని వ్యాసం మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటే చాలు. రేకును కంత మీద అంటించి, దానిపై నల్ల టేపు ముక్కను తలుపులా పెట్టండి. షట్టరు అదే.

కొత్త రీలు ఒకవైపు, ఖాళీ రీలు డబ్బీ మరోవైపు ఉంచి, ఫిల్మును అర అడుగుకీ తొడుగుకీ మధ్య నుంచి పోనిచ్చి, కొసను ఖాళీ డబ్బీలోని ఫిల్ము ముక్కకు అతికించండి. ఇక అతుకులన్నీ ఇన్సులేషన్ టేపుతో మూసేయాలి. ఎక్కడ చిన్న సందున్నా రీలుకు లైటు తగులుతుంది. 100 ఐఎస్ఓ ఫిల్ముకు మిట్టమధ్యాహ్నపు ఎండలో సెకను లోపే సరిపోతుంది. మబ్బు పట్టిన రోజైతే మూడు సెకన్ల దాకా, ఇంట్లోనైతే నిమిషాల తరబడి తెరిచి ఉంచాలి. వేలూరు కోటగోడ మీద పెట్టి తీస్తే కందకం, నీళ్లు, గోడ అన్నీ ఒకే రకం స్పష్టతతో వస్తాయి. సూదిబెజ్జానికి ఫోకస్ చేసుకోవలసిన పని లేదు మరి. ఏటా ఏప్రిల్ చివరి ఆదివారాన్ని 2001 నుంచి ప్రపంచ పిన్‌హోల్ ఫొటోగ్రఫీ దినంగా జరుపుకుంటున్నారు.

2. కెమెరా లేకుండానే బొమ్మ పడుతుంది

హంపీ విరూపాక్షాలయంలో ఒక చీకటి గది గోడ మీద రాజగోపురం నీడ తలకిందులుగా పడుతుంది. ఎదురుగా ఉన్న చిన్న రంధ్రమే దానికి కారణం. ఈ వింత చూడడానికి హంపీ దాకా పోనక్కర్లేదు. వీధివైపు గది కిటికీలకు నల్ల అట్టలు బిగించి, ఒక అట్టలో రూపాయి బిళ్ల కన్నా చిన్న కంత చేయండి. వీధంతా గోడమీద తలకిందులుగా నడుస్తుంది. ఎదురుగోడకు ఫొటోలు ముద్రించే బ్రోమైడ్ పేపరు అంటిస్తే ఆ గదే కెమెరా. 2019 డిసెంబరు 26 సూర్యగ్రహణం నాడు చెట్ల కింద వందల నెలవంకలు పడ్డాయి. ఆకుల మధ్య ప్రతి సందూ ఒక సూదిబెజ్జమై, సూర్యుడి బొమ్మనే నేలమీద వేసింది.

3. ఫిల్ముకు, తోళ్ల పరిశ్రమకు చుట్టరికం ఉంది

ఫిల్ము మీద వెండి లవణాలను పట్టి ఉంచేది జెలటిన్. పశువుల తోళ్లు, ఎముకలు ఉడికించి తీసే పదార్థం అది. రిచర్డ్ లీచ్ మాడాక్స్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1871లో జెలటిన్ వాడకాన్ని ప్రతిపాదించాకే ఫొటో పలకలను ముందుగా తయారుచేసి అమ్మడం సాధ్యమైంది. ఆ తర్వాత మరో చిక్కు వచ్చింది. ఒక విడత జెలటిన్‌తో ఫిల్ము చురుగ్గా, మరో విడతతో మందకొడిగా తయారయ్యేది. కోడక్ సంస్థలో శామ్యూల్ షెపర్డ్ 1925 ప్రాంతంలో కారణం తేల్చాడు. ఆవాలకు ఘాటునిచ్చే గంధక పదార్థం పశువుల మేత ద్వారా జెలటిన్‌లోకి చేరుతోంది. అది ఉన్న జెలటిన్‌తోనే ఫిల్ము వెలుగును బాగా పట్టుకుంటోంది. తాలింపులో చిటపటలాడే ఆవగింజ ఫిల్ము వేగాన్ని పెంచిందన్నమాట.

4. ఎండాకాలపు కుళాయి నీళ్లూ ఒక పనిముట్టే

జెలటిన్ వేడికి ఉబ్బుతుంది, చలికి ముడుచుకుంటుంది. వేడినీళ్లలో ఉన్న నెగటివ్‌ను ఒక్కసారిగా ఐసు నీళ్లలో ముంచితే పొర ముడతలు పడి, ఎండిన చెరువు నేలలా సన్నటి నెర్రెలు వస్తాయి. మే నెలలో వేలూరు మిద్దె మీది ట్యాంకు నీళ్లలో చెయ్యి పెట్టలేం. అందుకే పాతకాలపు స్టూడియోలవారు ఈ నెర్రెలంటే భయపడేవారు. ఇప్పుడు వాటిని కావాలని తెప్పించుకునేవారున్నారు. ఈ తరం ఫిల్ములకు పొరను గట్టిపరిచే మందు ముందే కలుపుతారు కాబట్టి ఒట్టి వేడినీళ్లు చాలవు. బాగా కాగిన నీళ్లలో బట్టల సోడా కలిపి, అందులో నానబెట్టి, వెంటనే ఐసు నీళ్లలోకి మార్చాలి.

రీలును డెవలప్ చేయకముందే నిమ్మరసంలోనో టీ డికాషన్‌లోనో నానబెట్టడం ఇంకో పద్ధతి. కలర్ ఫిల్ములో పొరలు ఒక్కోచోట ఒక్కోలా దెబ్బతిని, ఊహించని రంగుల మరకలు వస్తాయి. నానబెట్టాక మంచినీళ్లతో కడిగి, బియ్యం డబ్బాలో రెండు మూడు వారాలు పూడ్చి ఆరబెట్టాలి. ఇలాంటి రీలును స్టూడియోకు ఇచ్చేటప్పుడు సంగతి ముందే చెప్పి తీరాలి. ఒక్క రీలు మడ్డి వాళ్ల యంత్రంలోని మందునంతా పాడుచేస్తుంది.

5. కాఫీతో రీలు కడగవచ్చు

అమెరికాలోని రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 1995లో స్కాట్ విలియమ్స్, ఆయన విద్యార్థులు కలిసి కాఫీతో ఫిల్ము డెవలప్ చేసి చూపించారు. దీనికి కాఫెనాల్ అని పేరు. నిద్ర చెడగొట్టే కెఫీన్‌కు ఇందులో పాత్ర లేదు. పని చేసేది కాఫీలోని కెఫిక్ ఆమ్లం వంటి పదార్థాలు. వాటికి క్షారం తోడైతే ఫిల్ములో వెలుగు తగిలిన వెండి లవణాన్ని వెండిగా మారుస్తాయి. విటమిన్ సి కలిపితే ఆ పని చురుకవుతుంది.

ప్రపంచమంతా వాడే ఒక కొలత ఇది. లీటరు నీటిలో తడిలేని వాషింగ్ సోడా 54 గ్రాములు, విటమిన్ సి పొడి 16 గ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీ 40 గ్రాములు. సోడా పూర్తిగా కరిగాక విటమిన్ సి, అదీ కరిగాక కాఫీ వేయాలి. 20 డిగ్రీల వేడిలో పదిహేను నిమిషాలు పడుతుంది. ఇక్కడ రెండు జాగ్రత్తలు. బజారులో వాషింగ్ సోడా పలుకులుగా దొరికితే అందులో నీరు కలిసి ఉందని అర్థం. అప్పుడు 54కు బదులు 145 గ్రాములు వేయాలి. ఇక మన ఫిల్టర్ కాఫీ రుచికి పెట్టింది పేరే కానీ ఈ పనికి కాదు. చికోరీ కలపని, చవకరకం ఇన్‌స్టంట్ పొడి తీసుకోండి. వేలూరు వేసవిలో డెవలపింగ్ ట్యాంకును ఐసు ముక్కలు వేసిన టబ్బులో నిలబెట్టి, థర్మామీటరు చూసుకుంటూ కడగాలి. వాసన ఘాటుగా ఉంటుంది, కిటికీలు తెరిచి ఉంచండి. నెగటివ్ లేత గోధుమరంగు మరకతో వస్తుంది, బొమ్మకు నష్టం లేదు.

6. వంటింటి ఉప్పు ఫిక్సరుగా పనిచేస్తుంది

ఫొటోగ్రఫీ తొలినాళ్లలో టాల్బట్ తన బొమ్మలను నిలబెట్టుకున్నది మామూలు ఉప్పుతోనే. ఫిక్సరుగా వాడే హైపో (సోడియం థయోసల్ఫేట్) వెండి లవణాలను కరిగిస్తుందని ఇంగ్లీషు శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1819లోనే గమనించాడు. 1839లో ఆ గుణం ఫొటోలకు పనికొచ్చింది. ఉప్పు అయితే లీటరుకు 300 గ్రాముల దాకా కలిపి, ఒక రోజంతా చీకట్లో ఉంచాలి. హైపో అయితే నిమిషాల్లో పని అయిపోతుంది. అక్వేరియం చేపలు పెంచేవారు నీళ్లలోని క్లోరిన్ పోగొట్టడానికి వాడే పలుకులు ఈ హైపోవే. ఫిల్ము మీది పాలరంగు పోయి తేటపడడానికి ఎంతసేపు పట్టిందో, దానికి రెట్టింపు సేపు ఉంచడం పాత స్టూడియోవారి లెక్క.

7. రీలు తిరగేస్తే లోకం ఎర్రబడుతుంది

కలర్ నెగటివ్ ఫిల్మును చీకట్లో తిరగేసి చుట్టి, వీపు లెన్సువైపు ఉండేలా ఎక్కిస్తే వెలుగు ముందుగా ఎరుపును పట్టే పొరను తాకి లోపలికి పోతుంది. నీలం మధ్యలోని పసుపు ఫిల్టరు పొర దగ్గరే ఆగిపోయి, చివరనున్న నీలాన్ని పట్టే పొరకు అందదు. బొమ్మలన్నీ ఎరుపు, నారింజ, పసుపు రంగుల్లో వస్తాయి. 400 ఐఎస్ఓ రీలును 100గా లెక్కవేసుకుని, వెలుగు ఎక్కువ ఇవ్వాలి.

8. ఊటీలో ఫిల్ము తయారైంది

ప్రభుత్వరంగంలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ 1960లో ఏర్పడి, 1967 నుంచి ఊటీలో ‘ఇందు’ పేరుతో ఫిల్ము, బ్రోమైడ్ పేపరు, ఎక్స్-రే ఫిల్ములు తయారుచేసింది. ఆ కర్మాగారం మూతపడింది. పాత స్టూడియోల బీరువాల్లో ఇలాంటి గడువు తీరిన రీళ్లు ఎక్కడైనా దొరికితే పారేయవద్దు. గడువు తీరిన ప్రతి పదేళ్లకూ వెలుగును రెట్టింపు చేస్తూ పొమ్మంటుంది అనుభవజ్ఞుల సూత్రం. మసకగా, గరుకుగా వచ్చే ఆ బొమ్మలకు మరే ఫిల్టరూ ఇవ్వలేని అందం ఉంటుంది.

9. పది తలల రావణుడి వెనక ఒకే రీలు

రీలును ఒకసారి తీసి, వెనక్కి చుట్టి, అదే రీలు మీద మళ్లీ తీయడం పాత విద్యే. మద్రాసు స్టూడియోల్లో తెలుగు సినిమా దాన్ని కళగా మార్చింది. 1961లో వచ్చిన ‘సీతారామ కల్యాణం’కు ఛాయాగ్రాహకుడు రవికాంత్ నగాయిచ్. ఆ చిత్రంలో పది తలల రావణుణ్ణి చూపింది లెన్సు ముందు మాస్కు అడ్డుపెట్టి, ఫిల్మును వెనక్కి తిప్పి, భాగాలవారీగా తీసే ఈ పద్ధతిలోనే. ఇంట్లో దీనికి నల్ల అట్ట ముక్క చాలు. లెన్సు సగం మూసి ఎడమవైపు తీయండి. ఫిల్ము కదపకుండా మిగతా సగం మూసి కుడివైపు తీయండి. ఒకే మనిషి ఒకే చాప మీద రెండుచోట్ల కూర్చుంటాడు.

రీలంతా రెండుసార్లు తీయదలిస్తే, మొదట ఎక్కించేటప్పుడే కెమెరా అంచుకు ఎదురుగా ఫిల్ము మీద మార్కరుతో గీత పెట్టుకోండి. రెండోసారి ఆ గీత దగ్గరే మొదలుపెడితే ఫ్రేములు కలుస్తాయి. మే నెల నడుమ గుడియాత్తంలో జరిగే గంగమ్మ శిరస్సు జాతరలో పగలు జనాన్ని, రాత్రి బాణసంచాను ఒకే రీలు మీద తీసి చూడండి. నల్లటి ఆకాశం ఫిల్మును దాదాపు ఖాళీగా వదిలేస్తుంది కాబట్టి మెరుపులు జనం మీద శుభ్రంగా పడతాయి. రెండు బొమ్మలూ వెలుగుతో నిండినవైతే కలగాపులగమవుతుంది. అలాంటప్పుడు ప్రతిసారీ సగం వెలుగే ఇవ్వాలి.

10. ఎక్స్-రే ఫిల్మును పసుపు మీద ముద్రించవచ్చు

ఇడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)గా ఎదిగి వేలూరును ఆసుపత్రుల ఊరిగా నిలబెట్టింది. ఆంధ్ర నుంచి వైద్యానికి వేలూరు వెళ్లివచ్చిన కుటుంబాల్లో బీరువా మీద ఒక ఎక్స్-రే కవరు ఉండనే ఉంటుంది. ఆ పాత ఫిల్మే ఇక్కడ మన నెగటివ్.

చెంచాడు పసుపును పావుగ్లాసు సర్జికల్ స్పిరిట్‌లో కలిపి, పల్చటి గుడ్డలో వడకట్టండి. నీడపట్టున దళసరి డ్రాయింగు కాగితం మీద బ్రష్షుతో సమంగా పూసి ఆరనివ్వండి. ఎక్స్-రేను దానిపై పరిచి, పైన గాజుపలక పెట్టి, అంచులకు క్లిప్పులు బిగించి ఎండలో పెట్టండి. ఎండ తీవ్రతను బట్టి రెండు మూడు గంటల నుంచి ఒక పూట దాకా పడుతుంది. ఎముకలున్నచోట ఫిల్ము తేటగా ఉంటుంది కాబట్టి ఎండ దిగి పసుపు వెలిసిపోతుంది. నల్లగా ఉన్నచోట పసుపు అలాగే నిలుస్తుంది. ఇప్పుడు గ్లాసు నీళ్లలో చెంచాడు వెలిగారం కరిగించి కాగితం మీద పోయండి. పసుపంతా కళ్లముందే ఎర్రటి గోధుమరంగులోకి తిరుగుతుంది, ఎముకలు పాలిపోయి తేలతాయి. పసుపు, వెలిగారం కలిపి కుంకుమ చేసే మన పాత పద్ధతిలోని రసాయనం ఇదే. మొక్కల రంగులు ఎండకు వెలిసే గుణంతో ఫొటోలు వేయడాన్ని 1842లో హెర్షెలే వివరంగా పరిశోధించాడు. ఈ బొమ్మలను వెలుగులో వేలాడదీస్తే చెరిగిపోతాయి, ఆల్బంలో దాచుకోవాలి. ఎక్స్-రే మీద రోగి పేరుంటే ముద్రించేముందు ఆ మూల కప్పేయడం మర్యాద.

11. కరక్కాయతో నీలం నలుపవుతుంది

హెర్షెల్ 1842లోనే కనిపెట్టిన మరో పద్ధతి సయనోటైపు. ఇనుప లవణాలు పూసిన కాగితం ఎండకు నీలమవుతుంది. ఆ నీలం ప్రింటును పల్చటి సోడా నీళ్లలో వెలిసేదాకా ఉంచి, కడిగి, కరక్కాయ కషాయంలో నానబెడితే గోధుమ నలుపు రంగు తిరుగుతుంది. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిసి నల్లబడడమే కారణం. వేలూరు ఉన్న పాత ఉత్తర ఆర్కాటు జిల్లా తోళ్ల వృత్తిలో తరతరాలుగా తోలును మన్నికపరిచింది ఈ కరక్కాయ, తంగేడు చెక్కల్లోని టానినే. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుము, బెల్లం నానిన నీటితో గీసే నల్లగీత రహస్యమూ అదే.

12. ఆరు నెలల ఫొటో ఒకటి తీయవచ్చు

కూల్‌డ్రింక్ డబ్బా పైభాగం కోసి, లోపల బ్లాక్ అండ్ వైట్ బ్రోమైడ్ పేపరు వంచి పెట్టి, పక్కన సూదిబెజ్జం చేసి, ఎండవైపు తిప్పి మిద్దె మీద స్తంభానికి కట్టేయండి. జూన్ 21న కట్టి డిసెంబరు 21న విప్పితే సూర్యుడు ఆకాశంలో నడిచిన దారులన్నీ గీతలుగా కాగితంపై ఉంటాయి. కడగనక్కర్లేదు, స్కాన్ చేస్తే చాలు. మబ్బు కమ్మిన రోజు గీత తెగుతుంది.

వేలూరులో దీనికో ప్రత్యేకత ఉంది. ఊరు దాదాపు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి ఏప్రిల్ చివరి వారంలో, మళ్లీ ఆగస్టు మూడో వారంలో సూర్యుడు నడినెత్తికి వస్తాడు. ఈ రెండింటి నడుమ మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. ఐరోపాలో దక్షిణం వైపు తిప్పిన ఒక్క డబ్బా చాలు. ఇక్కడ తూర్పుకో పడమరకో తిప్పితేనే నిటారుగా లేచే గీతల వరుస పూర్తిగా దొరుకుతుంది. ఈశాన్య రుతుపవనాల వానకు తట్టుకునేలా పైమూత టేపుతో గట్టిగా బిగించాలి. ఇంగ్లండులోని బేఫర్డ్‌బరీ అబ్జర్వేటరీలో రెజీనా వాల్కెన్‌బర్గ్ 2012లో కట్టి మరిచిన డబ్బా 2020లో బయటపడింది. ఎనిమిదేళ్లలో 2953 సూర్యరేఖలు అందులో పడ్డాయి.

13. జవ్వాది కొండల్లో చుక్కల గీతలు

వాణియంబాడి దగ్గరి కావలూరులో ఉన్న అబ్జర్వేటరీకి వేణు బప్పు పేరు పెట్టారు. హైదరాబాదులోని నిజామియా అబ్జర్వేటరీ నీడలో పెరిగిన ఆయన, హార్వర్డ్‌లో చదువుతూ 1949లో ఒక ఫొటో పలక మీద కొత్త తోకచుక్కను కనిపెట్టారు. ఆ కొండ చుట్టుపక్కల చీకటి మనకూ పనికొస్తుంది. బ్యాటరీతో పనిలేని పాత కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, షట్టరును బల్బ్ మీద గంటసేపు తెరిచి ఉంచండి. చుక్కలు గంటకు 15 డిగ్రీల చొప్పున వంపు గీతలవుతాయి. ఇక్కడ ధ్రువనక్షత్రం దిగంతానికి 13 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. కొండ అంచుతో పాటు దాన్నీ ఫ్రేములో ఉంచితే గీతలన్నీ ఆ నక్షత్రం చుట్టూ తిరుగుతాయి.

14. ఇంట్లో చేయకూడనిది ఒకటుంది

పొటాషియం డైక్రోమేట్ కలిపిన జిగురు వెలుగు తగిలినచోట గట్టిపడుతుంది. 1839లో మంగో పాంటన్ డైక్రోమేటుకు ఉన్న ఈ వెలుగు గుణాన్ని గమనించాక, దాని మీద ఆధారపడి గమ్ ప్రింట్లు పుట్టాయి. ఇదే రసాయనాన్ని అగ్గిపుల్ల తల మందులో వాడుతూ వచ్చారు, క్రోమ్ టానింగ్ మొదలైందీ దీనితోనే. కానీ ఇది కాన్సరు కలిగించే విషం. వేలూరు దగ్గరి రాణిపేటలో మూతపడ్డ క్రోమేటు కర్మాగారం వదిలిన లక్షన్నర టన్నులకు తగ్గని వ్యర్థాల గుట్ట అక్కడి నేలలోకి, నీళ్లలోకి ఇంకుతూ వచ్చింది. గమ్ ప్రింట్లు ఎంత అందంగా ఉన్నా ఇంట్లో వద్దు. పసుపు ఉంది, సయనోటైపు ఉంది.

15. పాలారు కోసం వచ్చిన తీర్పు మనకూ వర్తిస్తుంది

తోళ్ల కర్మాగారాల మురుగు పాలారు నదిని పాడుచేస్తోందని వేలూరు సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న తీర్పు చెప్పింది. ముందుజాగ్రత్త తప్పనిసరి అనీ, పాడుచేసినవారే ఖర్చు భరించాలనీ చెప్పిన ఆ రెండు సూత్రాలు భారత పర్యావరణ చట్టంలో భాగమయ్యాయి. స్నానాలగదిలో ఒక్క రీలు కడిగేవారికీ ఆ బాధ్యత ఉంది. వాడిన హైపోలో ఫిల్ములోని వెండి కరిగి ఉంటుంది, నీటి జీవులకు అది హానికరం. దాన్ని కాలువలో పోయకండి. ప్లాస్టిక్ డబ్బాలో నింపి, తుప్పు పట్టే రకం ఇనుప పీచు వేసి కొన్ని రోజులు వదిలేయండి. ఇనుము కరుగుతూ వెండిని బయటికి నెడుతుంది, అడుగున నల్లటి మడ్డి పేరుకుంటుంది. పాత ఎక్స్-రే ఫిల్ములు కొని వెండి తీసేవారికి ఆ మడ్డి ఇవ్వండి. మొదటి రీలు కడగడానికి కాఫీ పొడి కొన్నరోజే ఆ డబ్బా, ఇనుప పీచు కూడా తెచ్చిపెట్టుకోండి.